కోతల పండుగ బల్ల మీద నా మందు

మా సంఘంలో జబ్బు నయమైనవాళ్ళు ఊరికే ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు. కోతల పండుగ నాడు చర్చిలో లేచి నిలబడి, ఏ జబ్బు చేసిందో, దేవుడు ఎట్లా బాగు చేశాడో అందరి ముందూ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. చెప్పినవాళ్ళకు తృప్తి, విన్నవాళ్ళకు ధైర్యం. ఆచారం మంచిదే, కాదనను. నేను రెండుసార్లు అట్లా నిలబడ్డాను. మొదటిసారి నిలబడినందుకు నా బిడ్డ పోయింది. రెండోసారి నేనేం చెప్పానో దాని మీద మా ఆళ్ళగడ్డలో నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. నేను చెప్పింది నేనే రాసి పెడితే మేలు కదా అని ఈ 1960లో, ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక, కూర్చున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. క్షయ పట్టినవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో మా మామలాంటి మంచివాళ్ళు కూడా ఉంటారు. చెడ్డవాళ్ళ సంగతి నాకు తెలియదు. నా కొంప ముంచింది మంచివాళ్ళే.

1954 వానాకాలంలో మొదలైంది. అప్పటికి నేను మిషను బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. మా మామ ముప్పై ఏళ్ళు మిషను తరఫున వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేసి, నల్లరేగడి బురదలో ఊరూరా నడిచి, మోకాళ్ళు అరగదీసుకుని ఇంటిపట్టున ఉన్న మనిషి. మా అత్త నా పెళ్ళికి ముందే పోయింది. మాకు ఒక్కతే కూతురు, కృప. అప్పుడు దానికి మూడేళ్ళు.

సాయంత్రమైతే జ్వరం, తెల్లవారితే చెమట. దగ్గును సుద్దముక్కల పొడి మీద నెట్టేశాను. ఒకరోజు ఎక్కాలు చెప్పిస్తూ దగ్గి, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు చూసుకుంటే ఎర్రగా ఉంది. పిల్లలు చూడకుండా కొంగు మడిచి దోపుకుని, ఆ ఎక్కం చివరి దాకా చెప్పించాను. ఎందుకు చెప్పించానో నాకే తెలియదు.

నంద్యాల బస్సులో నేను దగ్గిన కొద్దీ నా పక్కన చోటు పెరుగుతూ వచ్చింది. సిరివెళ్ళ దాటేసరికి ఆ సీటంతా నాదే. ఆసుపత్రి వరండాలో దగ్గేవాళ్ళకు వేరే బల్ల ఉండేది. దాని వెనక గోడ మీద వరసగా నూనె మరకలు, నాకంటే ముందు వచ్చినవాళ్ళు తలలు ఆనించి ఆనించి చేసినవి. నేనూ ఒక మరక చూసుకుని తల ఆనించాను. లోపలినుంచి పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ బల్ల మీద ఎవరూ ఎవరి ఊరు అడగరు, ఎవరి జబ్బు అడగరు. అడిగేదానికేముంది, అందరిదీ ఒకటే.

అక్కడి దొరసాని డాక్టరమ్మ తెలుగు అచ్చు వేసినట్టు మాట్లాడేది. "ఇది తగ్గే జబ్బు, శాంతమ్మా. కొన్ని నెలలు సూదులు. తరువాత మందు ఏడాదిన్నర. మధ్యలో నీకు బాగైనట్లు అనిపిస్తుంది. అప్పుడు ఆపకూడదు. అప్పుడు ఆపితే జబ్బు ముందుకంటే బలంగా వస్తుంది" అని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. మామ, మా ఆయన పక్కనే నిలబడి విన్నారు. ఆ సంగతి మరిచిపోవద్దు. ముగ్గురమూ విన్నాం.

కృపను పాణ్యంలో మా అమ్మ దగ్గర వదిలిపెట్టాం. నేను ఆసుపత్రిలో సూదులు వేయించుకుని, తగరపు డబ్బాలో మందు తీసుకుని ఆళ్ళగడ్డకు వచ్చాను. పొట్లాల్లో పొడి, తెల్ల బిళ్ళలు. ఆ పొడి మింగితే కడుపులో పేగులన్నీ తిప్పేవి. నేను ఉమ్మే గిన్నెను బూడిద వేసి తోమి, వేడినీళ్ళు పోసి కడిగింది ఎవరనుకున్నారు? మా మామ. పనిమనిషి దాని జోలికి రానంటే, "నేనుండా గదమ్మా" అని ఆయనే తీసుకున్నారు. ముక్కు కూడా మూసుకునేవారు కాదు. అందుకే ఆయన మీద కోపం పెట్టుకోవడం నాకు ఇంత కష్టమైంది. దుర్మార్గుడైతే ఒక్క తిట్టుతో తీరిపోయేది.

1955 వచ్చేసరికి దగ్గు పోయింది. జ్వరం పోయింది. రవికెలు బిగుతయ్యాయి. జొన్న కోతలు మొదలయ్యాయి. ఒకరోజు అన్నాలయ్యాక మామ నన్ను పిలిచారు.

"శాంతమ్మా, కోతల పండుగకు నువ్వు సాక్ష్యం చెప్పాల."

"ఇంగా మందు అయిపోలేదు గద మామా. వచ్చే ఏడు దాంకా మింగమనింది దొరసానమ్మ."

"మింగుతాంటే బాగైనట్టు యాడ? దేవుడు బాగు చేసినాడని సంఘం ముందర చెప్పి, ఇంటికొచ్చి మందు మింగితే ఏందీ అర్థం? నీ నోటితోనే ఆయన్ని అబద్ధికుణ్ణి చేస్తాండావ్."

"ఇప్పుడు గాకపోతే పైయేటికి చెప్తా. మందు అయిపోయినాక చెప్తా."

"కృతజ్ఞత బాకీ పెట్టేది గాదమ్మా. ముందు నమ్మి చెప్పాల. నమ్మినోళ్ళకే స్వస్థత నిలబడుతాది."

మా ఆయన గడప దగ్గర కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నారు. ఆ చెప్పులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. మామ లేచిపోయాక, "నువ్వన్నా ఒక మాట చెప్పగూడదా" అని అడిగాను. "నాయన మాట ఎట్ల కాదంటా శాంతా? ఈ ఊర్లో సగంమంది నాయన్ను చూసే నమ్మినారు" అని మళ్ళీ చెప్పులు అందుకున్నారు.

బయటివాళ్ళకు ఇది విడ్డూరంగా ఉంటుంది. మాకు కాదు. మా సంఘంలో సాక్ష్యం చెప్పాక మళ్ళీ మందు ముట్టినవాళ్ళను అవిశ్వాసులని నోటితో ఎవరూ అనరు, కళ్ళతో అంటారు. అందులోనూ నేను ఉపదేశి కోడలిని.

కోతల పండుగ నాడు చర్చి ముందు బల్ల మీద జొన్న కంకులు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు పెట్టారు. అందరూ తమ తమ పంటలోనుంచి తెచ్చిన అర్పణలు అవి. మామ వాటి మధ్యన నా తగరపు డబ్బా పెట్టారు, సగానికి పైగా మందుతో. నేను లేచి సాక్ష్యం చెప్పాను. నా గొంతు బాగానే పలికింది. "స్తోత్రం, స్తోత్రం" అని చర్చంతా మార్మోగింది. ఇద్దరు ముసలివాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ నిమిషంలో నిజంగానే నమ్మాను.

ఆరాధన అయ్యాక బల్ల మీది సరుకు వేలం వేయడం మాకు అలవాటు. గుమ్మడికాయలకు పాట పాడారు, కోళ్ళకు పాడారు, కంకులకు పోటీపడి పాడారు. నా మందుకు ఎవరూ పాడలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. మామ ఆ డబ్బా తీసుకుపోయి, చర్చి వెనక తన చేత్తోనే పారతో గుంట తవ్వి, పూడ్చి, ప్రార్థన చేసి వచ్చారు. చేతులకు నల్లమట్టి. ముఖంలో ఎంత వెలుగో.

అంతటితో ఆగితే నేనొక్కదాన్నే పోయేదాన్ని. మరుసటి వారమే కృపను తీసుకురావడానికి పాణ్యం పోయాం. మా అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"బిడ్డ ఇంగొన్నాళ్ళు నా కాడ ఉండనీ, అన్నా. పైయేటికి తీస్కపోండి."

"తల్లికి స్వస్థత వచ్చిందని సంఘం ముందర చెప్పుకొని, బిడ్డను దూరంగా పెడితే జనం ఏమనుకుంటారమ్మా?" అన్నారు మామ.

"జనం అనుకుంటే బిడ్డకు జొరం రాదు గద."

మామ కృపకు చేతులు చాచారు. తాత అంటే దానికి ప్రాణం. ఎగిరి దూకింది.

ఆ వేసవి నాలుగు నెలలూ నేను బతికిన బతుకు మళ్ళీ రాదు. అది నా చెంప మీద చెయ్యి వేస్తే తప్ప నిద్రపోయేది కాదు. ముఖంలో ముఖం పెట్టి, "అమ్మా, నీ నోట్లో మందు వాసన లేదు" అనేది. నా ఊపిరి దాని ముక్కు మీద. దీని గురించి ఇంతకంటే రాయలేను.

వానలు పడగానే దగ్గు మళ్ళీ వచ్చింది. "తడిసినావు, అంతే" అని మామ మిరియాల కషాయం కాచి ఇచ్చారు. చర్చిలో ఒకసారి దగ్గితే ఆడవాళ్ళ వరసంతా వెనక్కి తిరిగింది. ఆ తరువాత దగ్గు వస్తే గొంతులోనే నొక్కేసి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా కూర్చునేదాన్ని. సాక్ష్యం చెప్పినదాన్ని కదా, నాకు దగ్గే హక్కు లేదు. ఇంటికి వచ్చి దిండులో ముఖం పెట్టి దగ్గేదాన్ని. నంద్యాల పోదామని మా ఆయనతో అంటే, "క్రిస్మస్ కానీ, నాయనతో మాట్లాడుతా" అన్నారు. క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఏమీ మాట్లాడలేదు.

1956 మొదట్లో కృప ఆడుకోవడం మానేసింది. తల నొప్పి అని గోడకు తిరిగి పడుకునేది. తిన్నది తిన్నట్టు కక్కేది. ఒకరోజు పేరు పెట్టి పిలిస్తే, నా వైపు కాక నా పక్కకు చూసింది. అప్పుడు నేను ఎవరినీ అడగలేదు. బిడ్డను భుజాన వేసుకుని బస్సు ఎక్కాను. మా ఆయన వెనక పరుగెత్తుకొచ్చి ఎక్కారు.

దొరసానమ్మ దాన్ని పడుకోబెట్టి చూసింది. మెడ వంచబోతే బిడ్డ అరిచిన అరుపు ఆ వరండా అంతా వినిపించింది. నా జబ్బే బిడ్డ మెదడుకు పాకిందని చెప్పింది. తరువాత నన్నూ చూసింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"మిగిలిన మందు ఏమైంది?"

"దేవునికి ఇచ్చినామమ్మా."

ఆమె అర్థం కానట్టు మా ఆయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తుంటే నేనే చెప్పాను, బల్ల, వేలం, గుంట, అంతా. ఆమె దేవుని పని మీద సముద్రాలు దాటి వచ్చిన మనిషి. కలం కింద పెట్టింది.

"దేవునికి క్షయ లేదు, శాంతమ్మా" అంది.

నన్ను ఆడవాళ్ళ వరండాలో వేశారు, కృపను లోపలి గదిలో. నేను దాని దగ్గరకు పోకూడదన్నారు. ఇన్ని నెలలు ముఖంలో ముఖం పెట్టుకుని పడుకోబెట్టుకున్నాక, ఇప్పుడు పోకూడదట. కిటికీ చువ్వలు పట్టుకుని చూసేదాన్ని. మామ వచ్చి దాని మంచం పక్కన మోకాళ్ళూని, అన్నం నీళ్ళు లేకుండా ప్రార్థన చేశారు. ఆ అరిగిన మోకాళ్ళ మీద అన్ని రోజులు ఎట్లా ఉన్నారో తెలియదు. కృప కళ్ళు మళ్ళీ నన్ను చూస్తాయేమోనని నేను చువ్వల దగ్గరే కూర్చున్నాను. చూడలేదు. ఎండలు ముదరకముందే పోయింది. దానికి ఐదేళ్ళు.

నా పక్క మంచం చాగలమర్రి సుబ్బమ్మది. పెద్ద సేద్యం ఉన్న ఇల్లు, పొలాలు, ఎద్దులు అన్నీ ఉన్నాయి, చూడటానికి వచ్చే కొడుకులు మాత్రం గేటు దగ్గరే ఆగేవారు. బిడ్డను తీసుకుపోయిన రోజు ఆమె లేచి, నన్ను తనవైపు తిప్పుకుని, నా జడ విప్పి, కొబ్బరినూనె రాసి, చిక్కులు తీసి దువ్వింది. దువ్వుతూనే ఉంది. ఆమెకూ ఆయాసమే, మధ్యమధ్యన ఆగి ఊపిరి పీల్చుకునేది.

తరువాత కొన్నాళ్ళకు నేను మందు సంగతి చెబితే విని, ముక్కు మీద వేలేసుకుంది.

"పూడ్చినారా? బంగారట్లా మందును? మీ దేవుడు అడిగినాడామ్మా పూడ్చమని?"

"లేదు" అన్నాను.

"మరి ఏంటికి పూడ్చినారు?"

 ఆ ప్రశ్న నన్ను వదలలేదు. సుబ్బమ్మ ఆ ఏడే పోయింది. ఆమె కొడుకులు అప్పుడూ గేటు దగ్గరే నిలబడ్డారు.

పరామర్శకు మా సంఘంవాళ్ళు వచ్చేవారు. దూరంగా నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఆయన చిత్తం శాంతమ్మా, పువ్వును కోసుకున్నాడు" అనేవారు. "బిడ్డను తీసుకున్నా తల్లిని మిగిల్చినాడు, స్తోత్రం చెప్పు" అనేవారు. వాళ్ళు తెచ్చిన అరటిపండ్లు నేను తినలేదు. పక్క మంచాలవాళ్ళకు పంచాను. ఒక్క మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. వచ్చినప్పుడల్లా నా కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకునేది. "నేను చెప్పలేదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు తెలుసు. నాకంత లేదు.

ఈసారి సూదులు ఎక్కువ, మందు ఎక్కువ. ఆ సూదులకు చెవుల్లో హోరు మొదలై ఇప్పటికీ పోలేదు. నేను ప్రార్థన మానేశానని కొందరు అన్నారు. మానలేదు. కాకపోతే నేను చేసింది వాళ్ళకు ప్రార్థనలాగా ఉండదు. వరండాలో పడుకుని దేవునితో పోట్లాడేదాన్ని. నా బిడ్డను ఎందుకు తీసుకున్నావని అడిగేదాన్ని. అడిగి అడిగి ఒకరోజు సుబ్బమ్మ ప్రశ్న గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన అడగలేదు. అడగకుండా ఇచ్చింది మేము. అక్కడినుంచి ఆయనతో పోట్లాట తగ్గింది. మనుషులతో పెరిగింది.

1957 చివరలో ఇంటికి వచ్చాను. 1958 అంతా మందు మింగాను. డబ్బా నా మంచం కింద, నా చేతికి అందేచోట పెట్టుకున్నాను. ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆ ఏడు కోతల పండుగకు నన్నెవరూ ఏమీ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. దొరసానమ్మ ఇక చాలు అన్నాక, 1959లో పొలాల్లో కొడవళ్ళు పడుతుండగా, మామ నా దగ్గరకు వచ్చారు. అప్పటికి బాగా వంగిపోయారు.

"శాంతమ్మా, మందు అయిపోయింది గద. నువ్వు మొదట చెప్పినట్టే ఇప్పుడు చెప్పొచ్చు. సంఘం కాచుకోనుండాది."

"చెప్తా మామా. నాకు తోచినట్టు చెప్తా. ఇట్లే చెప్పాలని మీరేం నేర్పొద్దు."

"నేర్పనులేమ్మా" అన్నారు. ఎంత సంతోషపడ్డారో.

ఒప్పుకున్నానే గాని, ఆ వారమంతా నాకు నిద్ర లేదు. నిలబడి అందరిలాగా స్తోత్రం అంటే, నా బిడ్డ చావుకు నేనే సంతకం పెట్టినట్టు. అనకపోతే, నా ప్రాణం నిలబెట్టిన దేవునికి మొండిచెయ్యి చూపినట్టు. రెండూ నా వల్ల కాదు. నేను బతికాను, అది నిజం. బతికించినవాడు ఉన్నాడు, అదీ నిజం. ఈ రెంటినీ కృప శవం పక్కన ఎట్లా పెట్టాలో తెలియలేదు.

చర్చి నిండింది. బల్ల మీద మళ్ళీ కంకులు, గుమ్మడికాయలు. ముందుగా మామ లేచారు. "మా ఇంట్లో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. దేవుడు తన చిత్తం ప్రకారం బిడ్డను తీసుకొన్నాడు, తల్లిని మాకు తిరిగి ఇచ్చినాడు" అన్నారు. అందరూ "స్తోత్రం" అన్నారు. నేను లేచాను. అప్పటిదాకా ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆయన ఆ మాట అన్నాక తెలిసింది.

"దేవునికి స్తోత్రం" అన్నాను. "ఈ జబ్బుకు మందు పుట్టించినందుకు స్తోత్రం. అది నంద్యాల దాంకా వచ్చినందుకు స్తోత్రం. నాకు సూదులేసిన చేతులకు, నా తల దువ్విన చాగలమర్రి సుబ్బమ్మకు స్తోత్రం. మామ ఇప్పుడు బిడ్డను దేవుడు తీసుకొన్నాడు అన్నారు. లేదు మామా. ఆయన తీసుకోలేదు. ఆయన మందు ఇచ్చినాడు, మనం గుంట తీసి పూడ్చినాము. మా అమ్మ వద్దంటాంటే బిడ్డను తెచ్చి నా పక్కలో పండబెట్టినాము. మనం చేసిన పని ఆయన నెత్తిన పెట్టి, మళ్ళా ఆయనకే స్తోత్రం చెప్తాండాము. నేను పెట్టను. ఆయన చేయని పని ఆయన మీద మోపను. నన్ను బతికించినందుకు ఆయనకు నేను చేయగలిగింది ఇంతే."

కూర్చున్నాను. నా చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. మామ నిలబడినచోటే బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. పాస్టరు అయ్యగారు కీర్తన సంఖ్య చెప్పారు, ఎవరూ ఎత్తుకోలేదు. మా సంఘంలో సాక్ష్యం అయ్యాక ఎవరో ఒకరు ఆమెన్ అనకుండా ఉండరు. ఆ రోజు ఒక్క ఆడమనిషీ అనలేదు. ఒక్క సంఘపెద్దా అనలేదు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు "ఆమెన్" అంది. వణుకుతూనే, గట్టిగా అంది. మా ఆయన. తండ్రి ముఖం ఎదుట, తండ్రి మాటకు అడ్డంగా ఆయన నోరు తెరవడం పెళ్ళయినప్పటినుంచి నేను చూసింది అదే మొదలు.

మామ ఆ రోజునుంచి ఎక్కడా సాక్ష్యం చెప్పించలేదు. నాతో మాట్లాడతారు, తక్కువ. సంఘంలో సగంమంది అసలు మాట్లాడరు. చర్చికి మాత్రం నేను ఒక్క ఆదివారం కూడా మానలేదు, నా చోటు నాకుంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ జబ్బునుంచి లేస్తుంటే, సాక్ష్యం పెట్టుకోండి, వద్దనను. మందు చివరి బిళ్ళ మింగాక పెట్టుకోండి. దేవుడు అంతవరకు ఆగగలడు.

ఆ రోజు ఆరాధన అయ్యాక మేమిద్దరం ఇంటికి నడిచాం. సగం దూరం పోయాక మా ఆయన అడిగారు.

"నేనన్నది నీకు వినపడిందా, శాంతా?"

"వినపడింది" అన్నాను. "కృపకు వినపడలేదు."